నలభై ఏడో ఇల్లు: తాళం

నేను ఒక ట్యాబ్‌ను. చేతిలో పట్టే నల్లటి పలకను. ఏ దేశంలో తయారయ్యానో, ఎవరి వేళ్ళు నన్ను బిగించాయో తెలియదు. నాకు తెలివి వచ్చేసరికి హైదరాబాద్ శివార్లలో ఒక ఆఫీసు బల్ల మీద, నాలాంటి మరో ముప్పై తొమ్మిదింటి పక్కన పడుకుని ఉన్నాను. వరద వస్తే నగరంలో ముందు ఎవరు మునుగుతారో, ఎవరు తేరుకోలేరో ఇల్లిల్లూ తిరిగి లెక్కతీయడం మా పని. ప్రమాదాన్ని ఆపడం కన్నా దానికి మార్కులు వేయడం మనుషులకు తేలికని అప్పటికింకా నాకు తెలియదు.

నన్ను వినోద చేతికిచ్చారు. ముప్పై ఏళ్ళ మనిషి, కాంట్రాక్టు ఉద్యోగం. ఎండలో నా అద్దం మీది అక్షరాలు కనబడకపోతే చున్నీ కప్పుకుని చదివేది.

మాకు వచ్చింది మత్తడికింది బస్తీ. పైన చెరువు. అది నిండితే మత్తడి, అంటే అలుగు, దూకి నీళ్ళు పోవలసిన దారిలోనే ఇళ్ళు ఉన్నాయి. పేదవాళ్ళకు అక్కడే జాగా దొరికింది. ఆ చెరువును సగం పూడ్చి అపార్ట్‌మెంట్లు లేపారు. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరిగి, బస్తీ ఇళ్ళు మూడు మెట్లు కిందికి పోయాయి.

నలభై ఆరో ఇల్లు ఈదమ్మది. అపార్ట్‌మెంట్లలో అంట్లు తోముతుంది. భర్త సాయిలు పరంజా మీంచి పడి నాలుగేళ్ళుగా మంచంలోనే ఉన్నాడు.

“నీళ్ళొస్తే ఈయన్ని ఎవరు బయటికి తెస్తరు పెద్దమ్మా?” వినోద అడిగింది.

“ఎవరు తెస్తరు బిడ్డా, నేనే. జర నేను పనికి వోయినప్పుడు రావద్దని ఆ నీళ్ళకు చెప్పు.”

ఆ జవాబుకు నాలో గడి లేదు. ‘కుటుంబ సభ్యులు’ అని నొక్కింది.

పక్కనున్న నలభై ఏడుకు తాళం. మూడు వేర్వేరు రోజులు వెళ్ళాం, మూడుసార్లూ తాళమే.

“ఒడిశోళ్ళు బిడ్డా. కొత్తగ దిగిన్రు. ఆయన పొద్దుగాల తాళమేసి పోతడు,” అంది ఈదమ్మ.

ఆయన ఒక్కడేనా అని వినోద అడగలేదు. ఆ రోజుకు ఇంకా ఇరవై రెండు ఇళ్ళు మిగిలున్నాయి. నేను ‘తాళం’ అని రాసుకుని తర్వాతి ఇంటికి జరిగాను.

లెక్క పూర్తయ్యేసరికి నా పటంలో బస్తీ అంతా ఎర్రబడింది. మార్కులు డెబ్బై దాటితే ఎరుపు. మీటింగులో పెద్దసారు దాన్ని చాలాసేపు చూశాడు. “ఇంత ఎరుపైతే ఎట్ల? పైవాళ్ళు నన్నడుగుతరు. హద్దు ఎనభై అయిదుకు జరపండి.” జరిపారు. ఒక్క నొక్కుతో రెండువందల ఇళ్ళు నారింజ రంగుకు మారాయి. ఒక్క గడప కూడా అంగుళం పైకి లేవలేదు.

ఆ సాయంత్రం వినోద నిబంధనలు పక్కన పెట్టి, నడవలేనివాళ్ళున్న పదకొండు ఇళ్ళ పేర్లు నాలోంచి కాగితం మీదికి ఎక్కించుకుంది. ఆదివారం ఈదమ్మ వాకిట్లో ఆడవాళ్ళను కూర్చోబెట్టింది. పగటిపూట బస్తీలో ఎవరుంటారు, ఎవరిని ఎవరు మోస్తారు, బడి మేడ ఎవరు తెరుస్తారు, అన్నీ మాట్లాడుకున్నారు. నలభై ఏడు ఆ కాగితంలో లేదు.

సెప్టెంబరులో రెండు రోజులు ఆగని వాన. మూడోరోజు మధ్యాహ్నం ఆఫీసు నుంచి మెసేజి వచ్చింది: నీళ్ళు ఎంత లోతున్నాయో ఫొటోలు పంపండి. మేం వెళ్ళేసరికి మత్తడి దూకుతోంది. ఎర్రటి నీళ్ళు మెట్లు దిగి ఒక్కో ఇంట్లోకీ పోతున్నాయి. ఈదమ్మ పనిలో ఉంది. అనుకున్న ప్రకారం పొరుగు ఆడవాళ్ళు సాయిలును నవారు మంచంతో సహా ఎత్తారు. వినోద నన్ను మెడకు తగిలించుకుని ఒక కోడు పట్టింది. పదకొండు మందీ బడి మేడకు చేరారు. ఒక్క ఫొటో కూడా తీయలేదు.

పరుగున వచ్చిన ఈదమ్మకు పక్కింట్లోంచి దబదబా చప్పుడు వినిపించింది.

“లోపట మనిషున్నది! బిడ్డా, లోపట మనిషున్నది!”

నడుంలోతు నీళ్ళలో ఈదమ్మ రోకలితో తాళాన్ని కొట్టింది. వినోద ఉత్త చేతులతో రేకు తలుపును గుంజింది. లోపలి నుంచి ఒక ఆడగొంతు ఏదో అంటోంది. ఆ భాష ఇద్దరికీ రాదు. ఏమంటోందో మాత్రం ఇద్దరికీ తెలుసు. నీళ్ళు ఛాతీకి ఎక్కాయి. పైన రోడ్డు మీదున్నవాళ్ళు తాడు విసిరి ఇద్దరినీ వెనక్కి లాగేసరికి ఆ గొంతు ఆగిపోయింది.

మర్నాడు ఫైర్‌వాళ్ళు తాళం కోశారు. ఆమె పేరు సబిత. ఇరవై రెండేళ్ళు. కొత్త ఊరు, ఒంటరి ఆడమనిషి అని భర్త భయపడి బయట తాళం వేసి పనికి పోయేవాడు. ఎవరు తలుపు తట్టినా మాట్లాడొద్దని తానే చెప్పానని, రోడ్డు మీద కూర్చుని, వచ్చీరాని తెలుగులో వినోదకు పదేపదే చెప్పాడు.

“నలభై ఏడును ఖాళీ ఇల్లని మార్చమ్మా,” అన్నాడు పెద్దసారు. “లేకుంటే సర్వేల తప్పయిందంటరు.”

“తప్పయింది సార్. మూడుసార్లు పోయిన. ఇంట్ల ఇంకెవరన్న ఉన్నరా అని పక్కింట్ల ఒక్క మాట అడగలె.”

ఆయన ముందే నన్ను తెరిచి సబిత పేరు, వయసు నింపింది. నేను నా అలవాటు కొద్దీ మార్కులు వేశాను: తొంభై నాలుగు. సర్వే గడువు ముగిసిందని సర్వర్ దాన్ని తిప్పి పంపింది. ఆ పేరు నాలోనే ఉండిపోయింది.

నెలాఖరుకు వినోద కాంట్రాక్టు పొడిగించలేదు. నన్ను అప్పగించేముందు ఆ పేజీ తెరిచి కాసేపు చూసింది.

ఇప్పుడు స్టోర్‌రూంలో ఉన్నాను. రేపటి నుంచి నాకు వీధిదీపాల సర్వే అట. కంప్యూటరు కుర్రాడు మమ్మల్ని ఒక్కొక్కటిగా శుభ్రం చేస్తున్నాడు. నా వంతు వచ్చింది. అన్నీ చెరిపేయాలా అని నేను అడిగాను. అతను కిటికీలోంచి మబ్బుల వైపు చూస్తూ, ‘అవును’ మీదికి వేలు తెస్తున్నాడు.