తాడు లాగే వేళ

నలభై అయిదో కిలోమీటరు దగ్గర రాగ్నర్ గుండె లయ తప్పింది. కొత్తేమీ కాదు, నాలుగేళ్ళుగా అది చెప్పాపెట్టకుండా గంతులేస్తూనే ఉంది. కానీ ఇవాళే వేయాలా అని అతనికి ఒళ్ళు మండిపోయింది.

వాళ్ళ ఊళ్ళో ఏటా మార్చిలో మంచు మీద అరవై కిలోమీటర్ల స్కీ పందెం. ముప్పై సార్లు గమ్యం చేరినవాళ్ళ పేరు చర్చి పక్క హాల్లో చెక్కపలక మీద చెక్కుతారు. రాగ్నర్‌కి ఇది ముప్పయ్యోది. అరవై మూడేళ్ళ మనిషి, పలక మీద తన పేరుకి ఖాళీ ఎక్కడుందో కూడా చూసి పెట్టుకున్నాడు.

జేబులో రెండు మాత్రలున్నాయి. గుండె లయ తప్పితే రెండూ మింగి కూర్చోమంది డాక్టరమ్మ. కుదుటపడినా ఆ రోజుకి స్కీలు ముట్టుకోవద్దంది, మాత్ర ఒంట్లో ఉండగా ఒంటిని కష్టపెడితే గుండె మరింత అడ్డదారి పట్టొచ్చంది. రాగ్నర్ తలూపి వచ్చాడు. ఊపడానికేం పోయింది.

చివరి మజిలీ చేరేసరికి ఒంటిగంటా ఇరవై. అక్కడ అతని భార్య గున్‌వోర్ వేడి బ్లూబెర్రీ సూప్ పోస్తోంది. పదకొండేళ్ళుగా ఆ గరిట ఆమెదే. మూడింటికి దారికి అడ్డంగా తాడు లాగడం కూడా ఆమె పనే. అప్పటికి దాటనివాళ్ళని బస్సెక్కిస్తారు.

"మొహం పాలిపోయిందేంటయ్యా?"

"చలి."

"చలికి నువ్వెప్పుడు పాలిపోయావ్?" అంటూ కప్పు అందించింది.

గుడారం వెనక్కి పోయి మాత్రలు రెండూ సూప్‌తో మింగి, బెంచీ మీద కూలబడ్డాడు. గంటన్నర పైనే టైముంది. కుదుటపడగానే బయల్దేరొచ్చు, మిగిలింది పన్నెండు కిలోమీటర్లే. డాక్టర్లన్నాక అన్నీ వద్దంటారని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

కూర్చోవడం అతనికి చేతకాని పని. కాళ్ళు ఊపాడు. లేచాడు, కూర్చున్నాడు. జారడానికి స్కీలకి పూసిన మైనం గోటితో గీకాడు. చేతి తొడుగు తీసి నాడి పట్టుకుంటే మూడు కొట్టి ఒకటి మింగేస్తోంది, మళ్ళీ రెండు కలిపి కొడుతోంది. రెండయింది. రెండుంపావయింది. దారి మీద జనం పోతూనే ఉన్నారు.

"ఏం రాగ్నర్, పెళ్ళాం కొట్లో కాపలా కుదిరావా?" పొరుగింటి సూనె సూప్ గటగటా తాగి నవ్వాడు. "పద, అక్కడ నీ పేరు చెక్కడానికి ఉలి నూరుతున్నారు."

"నువ్వు నడు. నిన్ను దాటడం నాకెంతసేపు."

ఇన్నేళ్ళలో సూనె వీపు చూడాల్సి రావడం అదే మొదటిసారి. రాగ్నర్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

మూడింటికి పది నిమిషాలుందనగా నాడి ఉన్నట్టుండి దారిలో పడింది. ఒకటి, ఒకటి, ఒకటి. అతను గబగబా స్కీలు తొడుక్కున్నాడు. ఎదురుగా గున్‌వోర్ నిలబడి ఉంది. భుజాన తాడు చుట్ట, చేతిలో మాత్రల ఖాళీ రేకు.

"కప్పులో పడేశావ్. కప్పులు కడిగేది నేనేనని మర్చిపోయావా?"

"ఇప్పుడు బాగుంది. కావాలంటే చూడు." చెయ్యి చాచాడు.

ఆమె చాలాసేపు పట్టుకుని చూసింది. "బాగానే ఉంది. వెళ్తే వెళ్ళు, నేను ఆపను. నువ్వు ఇక్కణ్ణించి దాటి పోయాక, చేరానని ఫోన్ చేసేదాకా నేనెలా ఉంటానో ఎప్పుడైనా చెప్పానా? ఇవాళా చెప్పను."

అతని నాడి నిలకడగానే ఉంది. దాని మీదున్న ఆమె వేళ్ళు వణుకుతున్నాయి. నాలుగేళ్ళుగా తన గుండె గురించే బెంగపడ్డాడు తప్ప ఈ వేళ్ళ గురించి ఏనాడూ ఆలోచించలేదు. సిగ్గేసింది.

ఈల వేశారు. మూడయింది. తాడు రెండో కొస పట్టే మనిషి ఇంకా బస్సు దగ్గరే ఉన్నాడు.

రాగ్నర్ వంగి స్కీలు విప్పాడు.

"ఆ కొస ఇటివ్వు."

కొస పట్టుకుని మంచులో నెమ్మదిగా దారికి అడ్డంగా నడిచి, అవతలి పైన్ చెట్టుకి ముడేశాడు.

"వదులుగా ఉంది," అంది గున్‌వోర్. "గట్టిగా లాగు."

అతను లాగాడు.