చివరి రాయి పేరు

కల్తపౌ ముసలాయన కోర్టు గుమ్మం ముందు తన వట్టి కాళ్ళను రెండుసార్లు గడ్డికి రుద్దుకుని లోపలికొచ్చాడు. చంకలో ఉన్న పెండలం దుంపను లేవియా బల్ల మీద పెట్టాడు.

"ఏంటి బూబూ ఇది? కోర్టు బల్ల మీద దుంపలు పెడితే లంచమంటారు," అంది లేవియా. లమావు దీవిలో తాత వయసు వాళ్ళందరినీ బూబూ అనే పిలుస్తారు.

"లంచమైతే కడిగి తెచ్చేవాణ్ణి కదే. మట్టితో తెచ్చానంటే వండుకు తినమని. నీ ఎముకలు చూస్తుంటే విలాలో నీకు నాలుగేళ్ళూ కాయితాలే పెట్టినట్టున్నారు."

లేవియా నవ్వింది. ఆమె తండ్రి కొబ్బరి ఎండబెట్టుకుని బతికినవాడు, సంతకం రానివాడు. తల్లి మొగలి చాపలు అల్లుతుంది. ఆ చాపలు అమ్మిన డబ్బుతోనే కూతురు రాజధాని విలాకు వెళ్ళి చదివి, దీవి కోర్టుకు గుమస్తాగా తిరిగివచ్చింది. వచ్చేనాటికి కోర్టు ఆరేళ్ళుగా నడవడం లేదు. గదిలో కొబ్బరి బస్తాలున్నాయి, బీరువాలోని కాగితాలకు చెదలు పట్టాయి. ఆమె బస్తాలు మోయించింది, చెదలు దులిపింది, మిగిలిన ప్రతి కాగితానికీ నంబరు వేసింది. గోడకు నల్లబల్ల కొట్టి, ఎవరి వ్యాజ్యం ఎప్పుడో సుద్దముక్కతో రాసిపెట్టింది. చదువు రానివాళ్ళు కూడా వచ్చి ఆ బల్లను చూసి వెళ్ళేవారు. "మన కోర్టుకి మొహం కడిగిందమ్మా ఈ పిల్ల," అనుకునేవారు.

ముసలాయన వ్యాజ్యం సముద్రంలోకి పొడుచుకొచ్చిన మొన నేల గురించి. అక్కడ ఆయన దుంపల తోట ఉంది. తోట చివర ఆయన భార్య లేమారా సమాధి ఉంది. సమాధికి ఎడమపక్క ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా వదిలి, చుట్టూ పగడపు రాళ్ళు పేర్చుకున్నాడు. మూడేళ్ళ క్రితం అవతలి ఊరి తరీమాస్ ఆ మొన తన తాతది అని దరఖాస్తు పెట్టాడు. తుపాను తరువాత తరీమాస్ నేలను సముద్రం సగం తినేసింది. అతనికి ఆరుగురు పిల్లలు. అతని తాత ఒకప్పుడు ఆ మొన మీద చెట్లు నరికిన మాట నిజమే. ఎవరి అనుమతితో నరికాడన్నదే తగువు.

"మొన పోతే పోయింది, దుంపలు ఎక్కడైనా పండుతాయి. ఆవిడ పక్కన పడుకునే చోటు పోతే నేనెక్కడికి పోను?" అన్నాడు ముసలాయన, దుంప మీది మట్టిని వేలితో గోకుతూ.

"పోదు బూబూ. మీరు చెప్పాల్సింది నాకు చెప్పండి, నేను రాస్తాను. కొత్త పద్ధతిలో రాసిందే లెక్క. రాయనిదాన్ని తర్వాత కోర్టులో ఎత్తనివ్వరు."

ముసలాయన వేలు ఆగింది.

"మొత్తం చెప్పాలా?"

"మొత్తం."

ఆ దీవిలో ప్రతి వంశానికీ తన నేల కథ ఒకటి ఉంటుంది. మొదటి మనిషి పడవ ఏ ఒడ్డున ఆగింది, అక్కడినుంచి ఎటు నడిచాడు, ఎక్కడెక్కడ రాయి పాతాడు, ఆ రాయికి ఎవరి పేరు పెట్టాడు. కథ తెలిసినవాడిదే నేల. అందుకే ఆ కథను పదిమందిలో సగమే చెబుతారు. మొత్తం కథను ఇంటి పెద్ద తన జీవితంలో ఒక్కసారి, ఒక్కరికే చెబుతాడు. లేవియాకు ఇదంతా తెలియనిది కాదు. చిన్నప్పటినుంచీ వింటున్నదే. అయితే బల్ల అవతల కూర్చున్నాక, విన్నది ఒక పక్కకూ చదివింది ఒక పక్కకూ ఒరిగిపోయాయి.

ఆయన రెండు రోజులు చెప్పాడు. మధ్యలో ఆగి, "నీ కలం నా నోటికంటే నిదానమే," అని ఎగతాళి చేశాడు. పన్నెండు రాళ్ళలో పదకొండు పేర్లు వచ్చాయి. పన్నెండో రాయి దగ్గర నోరు మూసుకుని, కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు.

"నా కొడుకుండి ఉంటే ఇది వాడికి చెప్పాల్సిన మాట," అన్నాడు. కొడుకు చేపలకు వెళ్ళి తిరిగిరాక తొమ్మిదేళ్ళయింది.

"ఇది లేకపోతే కథ పూర్తి కాదు బూబూ. వాళ్ళు అదే పట్టుకుంటారు."

"అయితే నువ్వే విను, తల్లీ." ఆయన లేచి తలుపు వేసి వచ్చి, ఆమె చెవి దగ్గర వంగి, ఆ పేరు చెప్పాడు. ఆమె రాసుకుంది. రాశాక ఆయన ఆమె నెత్తి మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచాడు. పెద్దాయన దీవించాడనుకుంది లేవియా. కింద ఆయన చేత వేలిముద్ర వేయించుకుని, తేదీ రాసుకుంది.

నిబంధనల పుస్తకం ప్రకారం, ఒక పక్షం వాంగ్మూలం నకలు ముప్పై రోజుల్లో రెండో పక్షానికి అందాలి. ఇదివరకు ఏళ్ళు గడిచినా అందేది కాదు. లేవియా ఆ వారంలోనే శుభ్రంగా నకలు రాసి, ఒడ్డు వెంట తడి ఇసుకలో నడిచి వెళ్ళి స్వయంగా తరీమాస్ చేతికిచ్చింది. తరీమాస్ రెండు చేతులా అందుకున్నాడు. అతని భార్య లేత బొండం కొట్టి ఇచ్చింది.

"ఇంత త్వరగా తెచ్చావేం చెల్లెమ్మా?"

"అది మీ హక్కు అన్నా. ఇక ఎవరి కాగితమూ బీరువాలో ఉండిపోదు."

తిరిగి వస్తుంటే ఆమెకు అలసట తెలియలేదు. ఈ నకలు మాట ముసలాయనకు చెప్పాలని ఆమెకు తోచనే లేదు. తెల్లారితే పొద్దు పొడుస్తుందని ఎవరైనా ఎవరికైనా చెబుతారా? పుస్తకంలో ఉన్నది ఆమెకు అంత మామూలైపోయింది.

రెండు నెలలకు విలానుంచి మేజిస్ట్రేటమ్మ మోటారు పడవలో వచ్చింది. ఆమెకు ఇరుపక్కలా దీవి పెద్దలు ముగ్గురు న్యాయమూర్తులుగా కూర్చున్నారు. రెండు రోజుల్లో ఐదు వ్యాజ్యాలు. ఏది ఏ గంటకో లేవియా నల్లబల్ల మీద రాసింది. పెరట్లో ఆడవాళ్ళు అరిటాకుల్లో పొట్లం కట్టిన దుంపల ముద్దను, లాప్‌లాప్‌ను, వేడిరాళ్ళ కింద పూడ్చారు. దీవి అవతలి పక్కనుంచి వచ్చినవాళ్ళు చెట్ల కింద చాపలేసుకుని కూర్చున్నారు. కోర్టు నడుస్తోందంటే తిరునాళ్ళలా ఉంది.

ముందు దరఖాస్తు పెట్టినవాడే ముందు మాట్లాడాలి. తరీమాస్ లేచాడు.

అతను పడవ ఆగిన ఒడ్డునుంచి మొదలుపెట్టాడు. చదువుతున్నట్టు కాదు, తాతల నుంచి వచ్చినట్టే చెప్పాడు. మొదటి రాయి. రెండో రాయి. మూడో రాయి పేరు విన్నప్పుడు లేవియా కలం ఆగిపోయింది. తలెత్తి చూసింది. ముసలాయన బెంచీ చివర రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఏడో రాయికి ఆయన కళ్ళు మూసుకున్నాడు. పన్నెండో రాయి పేరు తరీమాస్ గొంతెత్తి చెప్పాడు. పెరట్లో లాప్‌లాప్ దగ్గరున్న ఆడవాళ్ళకు కూడా వినిపించింది.

"కల్తపౌ గారూ, ఇప్పుడు మీరు చెప్పండి," అంది మేజిస్ట్రేటమ్మ.

ముసలాయన లేచి నిలబడ్డాడు. ఒకరు చెప్పిన నేల కథను వెనకాలే మళ్ళీ చెప్పేవాణ్ణి ఆ దీవిలో దొంగ అంటారు.

"నా నోట ఏమీ మిగల్లేదమ్మా," అని కూర్చున్నాడు.

గుమస్తా మాట్లాడకూడదు. అయినా లేవియా లేచింది. "అమ్మా, తరీమాస్ గారి మొదటి దరఖాస్తులో ఈ పేర్లు ఒక్కటీ లేవు. బూబూ వాంగ్మూలంలో ఉన్నాయి. తేదీలు చూడండి."

"దరఖాస్తు నాటికి మా నాన్న మంచంలో ఉన్నాడు. నాకింకా చెప్పలేదు," అన్నాడు తరీమాస్, నేల చూపులు చూస్తూ.

మేజిస్ట్రేటమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివింది. ఆమె మంచి మనిషే. "కల్తపౌ గారూ, ఈ వాంగ్మూలం మీదేనని మీ నోటితో ఒక్క మాట అనండి, చాలు. కాగితం తనంతట తాను సాక్ష్యం చెప్పలేదు."

ముసలాయన ఆమె వైపు కాక లేవియా వైపు చూసి జవాబిచ్చాడు. "ఆ మాట నేను ఒక్క మనిషికి చెప్పాను. ఇప్పుడది ఊరందరి నోట్లో ఉంది. ఎంగిలి పడింది. నాదని ఎలా అనను?"

పెద్దలు ముగ్గురూ తలలు వంచుకున్నారు. వాళ్ళలో పెద్దవాడైన మాతారి గొంతు సవరించుకున్నాడు. "వెనకటికి ఇలాంటి వాటికి మేం నేల మీద నడిచేవాళ్ళం, అమ్మా."

"మొన దాకా ఎంతసేపు?" అని మేజిస్ట్రేటమ్మ లేవియాను అడిగింది.

"పోను రెండు గంటలు, రాను రెండు గంటలు," అని ఉన్నమాట చెప్పింది లేవియా.

మేజిస్ట్రేటమ్మ నల్లబల్ల చూసింది. ఇంకా నాలుగు వ్యాజ్యాలు. బయట ఆరేళ్ళుగా ఎదురుచూసిన మనుషులు. పడవవాడు అప్పటికే గుమ్మంలోకి వచ్చి, రేపటికి గాలి ముదురుతుందని చెప్పి వెళ్ళాడు. మాతారి కూడా ఆ సుద్దగీతల వంక చూసి, ఇంకేమీ అనలేదు.

సాయంత్రానికి మొన తరీమాస్‌దని తీర్పు వచ్చింది. బల్ల మీద ఆ వ్యాజ్యం ఎదురుగా 'పూర్తయింది' అని రాయాల్సింది లేవియానే. రాసింది.

మర్నాడు పడవ వెళ్ళగానే ఆమె ముసలాయన ఇంటికి పరుగెత్తింది. ఆయన వెదురు తడికకు ఆనుకుని ఉన్నాడు.

"బూబూ, నకలు వాళ్ళకి ఇవ్వాలని పుస్తకంలో ఉంది. మీకు చెప్పలేదు. నాదే తప్పు."

"పుస్తకంలో ఉంటే నీ తప్పెలా అవుతుంది?" అన్నాడాయన. ఆ మాటలో కోపం ఉండి ఉంటే ఆమె తట్టుకునేది. "నేనే పొరబడ్డాను. నీ నెత్తి మీద చెయ్యి పెట్టాను కదా. నా తరవాత నువ్వే దాచుకుంటావనుకున్నాను. కొడుక్కి చెప్పినట్టే చెప్పాను. నువ్వేమో గుమస్తావి."

లేవియా తడిక పక్కన నేల మీద కూర్చుంది. "అప్పీలు వేద్దాం బూబూ. ఈసారి నడుద్దామని రాస్తాను. బల్ల దగ్గర కాదు, రాళ్ళ దగ్గరే అడగమంటాను," అంది.

"చేతులు కాలాక ఆకులా?" అని నవ్వబోయాడు, దగ్గొచ్చింది. "సరే, నడుద్దాంలే. నా కాళ్ళున్నంత వరకూ నడుద్దాం."

ఆమె ఆ రోజే అప్పీలు రాసింది. పదిహేను రోజులకోసారి వచ్చే ఓడలో పంపింది. తరువాతి ఓడలో జవాబు రాలేదు. ఆ తరువాతి ఓడలోనూ రాలేదు. ఈ లోపు, వాంగ్మూలాన్ని ఎదురుపక్షం కూడా చదువుతుందన్న సంగతిని దీవి భాషలో ఒక్క వాక్యంగా రాసి, ప్రతి వాంగ్మూలం కాగితం మీదా అన్నిటికంటే పైన పెట్టింది: 'ఇక్కడ చెప్పింది అవతలివాళ్ళూ చదువుతారు.' చదువు రానివాళ్ళకు తనే పైకి చదివి వినిపించేది. కొందరు విని లేచి వెళ్ళిపోయేవారు. కొందరు సగమే చెప్పేవారు. ఆమె బలవంతపెట్టేది కాదు.

కల్తపౌ దుంపలు తవ్వే కాలానికి మంచం పట్టి, తవ్వకం పూర్తయ్యేలోపే పోయాడు. మొన మీద ఖాళీ చోటు అలాగే ఉంది, కాని అది ఇప్పుడు పరాయి నేల. అడిగితే తరీమాస్ ఇచ్చేవాడేమో. ముసలాయన అడగవద్దన్నాడు. ఆయన్ను చర్చి వెనక, ఎవరెవరో ఉన్న వరసలో పూడ్చారు. లేవియా తల్లి తను అల్లిన చాపల్లో మంచిదాన్ని ఆయన మీద కప్పింది.

అప్పీలు విచారణ తేదీ ఆయన పోయిన పదకొండు రోజులకు ఓడలో వచ్చింది. 'న్యాయస్థానం స్థలానికి వెళ్ళి, హద్దుల వెంట నడిచి విచారిస్తుంది' అని రాసి ఉంది. ఆమె అడిగినదంతా ఇచ్చారు. లేవియా ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి, నంబరు వేసి, బీరువాలో పెట్టింది.

ఆ వారాంతంలో తరీమాస్ కోర్టు గదికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. మనిషి చిక్కిపోయాడు.

"లోపలికి రా అన్నా."

"నా కాళ్ళకి మట్టుంది." కాసేపు గోడకున్న నల్లబల్ల చూశాడు. "చెల్లెమ్మా, ఇల్లు కట్టేముందు ఆ పన్నెండో రాయికి ఆకు కట్టి దణ్ణం పెట్టుకోవాలి. లేకపోతే పిల్లలకి మంచిది కాదు. మొనంతా వెతికాను. అక్కడ రాళ్ళు వందున్నాయి. నాకు పేరొక్కటే తెలుసు." గొంతు తగ్గించాడు. "ఏది ఆ రాయో ఆయన నీకు చెప్పాడా?"

మాతారి పెద్దయ్య ఆ రోజు ఎందుకు నడుద్దామన్నాడో లేవియాకు ఆయన అన్న మర్నాడే తెలిసింది. ఇప్పుడది రెండోసారి తెలిసినట్టయింది. నాలుగు గంటలు నడిచి ఉంటే సరిపోయేది. ముసలాయన నోరు విప్పే అవసరమే ఉండేది కాదు. వేలు చూపిస్తే చాలు.

"పేరే చెప్పాడు అన్నా," అంది. "చోటు నేను అడగలేదు. కాగితంలో దానికి గడి లేదు."

తరీమాస్ గుమ్మం మెట్టు మీద కూలబడి, రెండు చేతులతో తల పట్టుకున్నాడు. లేవియా వచ్చి అతనికి కొంచెం ఎడంగా అదే మెట్టు మీద కూర్చుంది. ఆ పేరు తెలిసినవాళ్ళు ఇప్పుడు దీవిలో ఎంతోమంది ఉన్నారు. పెరట్లో ఆడుకునే పిల్లలు కూడా గెంతుతూ ఆ పేరే పాడుతున్నారు. రాయి తెలిసిన ఒక్కడూ చర్చి వెనక ఉన్నాడు.