చిటికెన వేలు సగం

పెద్దాయన ఆత్మకథ తన దగ్గరికి దిద్దడానికి వచ్చిన రోజు కత్తెరమ్మ తలుపు గడియ పెట్టి, కుర్చీలో కూలబడి పగలబడి నవ్వింది. సంతోషం పట్టలేక వచ్చిన నవ్వు కాదది. పదేళ్ళుగా పళ్ళ బిగువున దాచుకున్న కసి.

కత్తెరమ్మ అన్న పేరు రచయితలు పెట్టింది. ఏ సంస్థలోనూ ఉద్యోగం చెయ్యదు, ఇంట్లోనే కూర్చుని నలుగురి రాతలూ దిద్ది పెడుతుంది. మూడొందల పేజీలు ఇస్తే రెండొందలు చేసి పంపుతుందని ఊరంతా చెప్పుకుంటారు గానీ, నిజానికి ఆమె తన చేత్తో ఒక్క మాట కొట్టదు, ఒక్క మాట చేర్చదు. పక్కన ఖాళీలో ప్రశ్న రాసి ఊరుకుంటుంది. "ఈమె ఇక్కడ ఎందుకేడ్చింది?" "ఈ వాన కురవకపోతే కథకేం నష్టం?" జవాబు దొరకని రచయిత తన వాక్యం తనే కొట్టుకుంటాడు. "పుస్తకం మీదైనప్పుడు పాపం కూడా మీదే అయ్యుండాలి" అంటుంది ఆమె.

పన్నెండేళ్ళ కిందట పెద్దాయన కథారచన తరగతులు నడిపేవాడు. నలభై మంది శిష్యుల్లో ఆమె ఒకతె. వాళ్ళమ్మ మీద కథ రాసి భయంభయంగా చేతిలో పెట్టింది. అమ్మ దర్జీ. వీధి చివరి గదిలో కుట్టుమెషీను, పక్కన మంచం పట్టిన నాన్న, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని అమ్మ గిరాకీలతో ఆడే ముచ్చట్లు, మెషీను తొక్కుతూ తీసే కూనిరాగం, అన్నీ ఉన్నవి ఉన్నట్టే రాసింది. కల్పించింది ఒక్కటే. అమ్మ ఎడమచేతి చిటికెన వేలు సగం తెగిపోయినట్టు పెట్టింది. కథన్నాక కాస్త నెత్తురుండాలని అప్పట్లో అనుకునేది.

పెద్దాయనకు ఒక అలవాటు. ఎవరికి సలహా రాసినా ఆకుపచ్చ సిరాతో రాసి, కింద సంతకం పెట్టి, తేదీ వేస్తాడు, డాక్టరు మందుల చీటీ రాసినట్టు. ఆమె కథ మొదటి పేజీ మీద ఇలా రాశాడు: "దీంట్లో కథ లేదు. పొయ్యిలో పెట్టు. ఈ సగం వేలు పచ్చి అబద్ధం. ఇలాంటి మనిషిని నేనెక్కడా చూడలేదు."

రెండేళ్ళకు ఆయన నవల వచ్చింది. అందులో దర్జీ ఉంది, మంచంలో మొగుడున్నాడు, గుండుసూదులు, కూనిరాగం, పచ్చి అబద్ధమన్న ఆ సగం వేలుతో సహా అన్నీ ఉన్నాయి. చివర్లో మాత్రం ఆ దర్జీ రోగిష్టి మొగుణ్ణి గాలికొదిలేసి, చొక్కా కుట్టించుకోడానికి వచ్చినవాడితో లేచిపోయింది. నవలకు బహుమతులు వచ్చాయి. ఇక్కడ వీధి వీధంతా ఆ పుస్తకం చదివింది. "నా వేళ్ళు చూడండి, అన్నీ ఉన్నాయి" అని అమ్మ మొత్తుకుంటే, "గుర్తుపట్టకుండా వేలొక్కటి మార్చాడులే" అని నవ్వారు. గిరాకీలు ఒక్కొక్కరే మానేశారు. మెషీను మీద దుప్పటి కప్పిన రోజున అమ్మ కూతురి వంక చూసి, "నా బతుకు పట్టుకెళ్ళి వాడి చేతిలో పెట్టావా?" అంది. అప్పట్నుంచి ఒకే ఇంట్లో ఉంటున్నా, తిన్నావా పడుకున్నావా మించి మాట లేదు. కూతురు నోరెత్తలేదు. ఎలా ఎత్తుతుంది? పట్టుకెళ్ళి పెట్టింది నిజమే కదా.

ఇప్పుడు ఆత్మకథ తొమ్మిదో అధ్యాయంలో పెద్దాయన ఇంకో మెట్టెక్కాడు. ఆ నవల కల్పన కాదట. ఒక స్త్రీ తన తప్పంతా తన నోటితోనే ఆయనకు చెప్పుకుని ఏడ్చిందట.

కత్తెరమ్మ తన పద్ధతి తప్పలేదు. ఖాళీలో ప్రశ్న రాసింది. "ఎక్కడ చెప్పింది? పాఠకుడికి చోటు కనబడాలి."

ఆయన రైల్వే స్టేషను తెచ్చిపెట్టాడు.

"మనిషి కనబడటం లేదు. ఒక్క గుర్తు చాలు" అని రెండో ప్రశ్న.

"ఎడమచేతి చిటికెన వేలు సగమే ఉంది. నా కళ్ళతో చూశాను" అని చేర్చాడు.

"తేదీ లేని జ్ఞాపకాన్ని జనం నమ్మరు" అని మూడో ప్రశ్న పంపింది. దానికి ఆయనే ఫోన్ చేశాడు. గొంతు గుర్తుపడతాడేమోనని ఆమె జంకింది గానీ, ఆయనకు తన గొంతు తప్ప ఇంకొకరిది ఎప్పుడు వినబడింది కనుక!

"అమ్మా, మీరు అడుగుతుంటే అన్నీ అలా కళ్ళముందుకొచ్చేస్తున్నాయి! నవల రావడానికి సరిగ్గా ఏడాది ముందు. ఎండాకాలం. రాసేసుకోండి."

"నేను రాయనండీ. మీరే రాసి పంపండి."

రాసి పంపాడు. అంటే తన కథ మీద ఆయన ఆకుపచ్చ సిరాతో వేసిన తేదీకి ఏడాది తర్వాతన్న మాట.

"ఇంకొక్కటండీ," అంది వినయంగా. "మీరు శిష్యులకు సలహాలిచ్చేవారట కదా. మీ దస్తూరీతో ఒక పేజీ ఫోటో వేస్తే నిండుగా ఉంటుంది. నా దగ్గరొకటుంది."

"భేష్! మంచి చోటు చూసి వేయించండమ్మా."

మంచి చోటే చూసింది. తొమ్మిదో అధ్యాయంలో సగం వేలు వచ్చే పేజీకి సరిగ్గా ఎదురుగా పెట్టమని ప్రచురణకర్తకు సూచించింది. అచ్చుకు ముందు చివరి ప్రతి పెద్దాయనకు వెళ్ళింది. ఆయన చూసుకునేది తన ఫోటోలు ఎన్ని వచ్చాయనే. ఇచ్చిన పద్దెనిమిదీ ఉన్నాయి. ప్రతి పేజీ కిందా సంతకం గీకి తిప్పి పంపాడు.

ఆవిష్కరణ సభలో పొగడ్తలన్నీ అయ్యాక, సంతకాల కోసం జనం వరస కట్టారు. కత్తెరమ్మ కూడా నిలబడింది. తన వంతు రాగానే ఆ దస్తూరీ ఫోటో ఉన్న పేజీ తెరిచి ముందు పెట్టింది.

"ఇక్కడ పెట్టండి. మా అమ్మ కోసం."

ఆయన అలవాటు కొద్దీ సంతకం చేసి, తేదీ వేశాడు. అప్పుడు చూశాడు. తన సంతకానికి పైన తన సంతకమే ఉంది. దాని పైన పచ్చి అబద్ధం, పొయ్యి, సగం వేలు.

"ఇది... ఎవరిచ్చారు?"

"మీరే ఇచ్చారు, నాకు. అమ్మ వేలు నేను కల్పించిందండీ. నేను కల్పించిన వేలు మీకు స్టేషన్లో ఎలా కనబడింది?"

ఆమె గొంతు తగ్గించలేదు. వెనకున్న రిటైర్డు మేష్టారు తన ప్రతి తెరిచి, కళ్ళజోడు సవరించుకుని, రెండు పేజీలూ అందరికీ వినబడేలా చదివాడు. "ఏమండీ, తేదీలు చూస్తే ఆ స్టేషను కంటే ఏడాది ముందే మీరు ఈమె కథ చదివినట్టుంది కదా?" అన్నాడు. వరసలో ఉన్నవాళ్ళంతా ఆ పేజీ తిరగేశారు. పెద్దాయన మొహంలో నెత్తురుచుక్క లేదు. కత్తెరమ్మకు ఒక్క రవ్వ కూడా జాలి కలగలేదు.

మర్నాడు పొద్దున్నే పుస్తకం తెచ్చి అమ్మ ముందు పెట్టింది. అమ్మ ముట్టుకోలేదు.

"రెండు పేజీలే అమ్మా. చదివి, ఆ తర్వాత తిట్టు."

అమ్మ వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. అయ్యాక మళ్ళీ మొదట్నుంచి చదివింది. ఎడమచెయ్యి ఎత్తి, నిండుగా ఉన్న చిటికెన వేలు వంక చాలాసేపు చూసుకుంది.

"నా వేలెందుకు నరికావే?"

"బుద్ధి లేక."

"నన్నడిగితే వద్దనేదాన్నిగా."

"అడగాల్సింది. తప్పు నాదే."

అమ్మ లేచి మొహం కడుక్కుని, జుట్టు ముడేసుకుని, పుస్తకం చంకన పెట్టుకుని చెప్పులేసుకుంది.

"ఎక్కడికమ్మా?"

"ఎదురింటికి. ఆ నవల చదివి నవ్విందిగా ఆవిడ, ఇది కూడా చదివి వినిపిస్తా. తర్వాత ఆ పక్కింటికి. ఈ చివర మొదలుపెట్టి ఆ చివర దాకా ఒక్క గడప వదిలేది లేదు."

గుమ్మం దాటి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది.

"వంట నువ్వే చెయ్యి. నాకు ఆలస్యమవుద్ది. ఆ మెషీను మీద దుప్పటి కూడా తీసి ఉతికెయ్."