వేడి తెలియని చేతులు

"మా కోడలి చేతులకు వేడి తెలియదమ్మా! మీ కోడళ్ళలా ఊదుకుంటూ కూర్చోదు" అని అత్త జువాన్నా ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో అన్నప్పుడల్లా బత్తిస్తీనా పొంగిపోయేది. సార్డీనియా దీవి కొండల్లోని ఆ ఊళ్ళో కారసావు అనే కరకరలాడే పల్చటి రొట్టెలు ఆడవాళ్ళంతా కలిసి కాలుస్తారు. పొయ్యిలో రొట్టె బుడగలా పొంగగానే తీసి, ఆవిరి పోకముందే అంచు కోసి రెండు పొరలుగా విడదీయాలి. మిగతావాళ్ళు వేళ్ళు కాలి నోట్లో పెట్టుకునేవారు. బత్తిస్తీనా చకచకా విడదీసేది. ఆ ఇంట్లో ఆమెకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే.

మిగిలినవన్నీ దెప్పుళ్ళే. మధ్యాహ్నం కాసేపు నడుం వాలిస్తే "మహారాణిగారికి అప్పుడే అలసటా?" అని అత్త. మెట్ల మీద తడబడి, కాళ్ళు నిలవడం లేదంటే "పొద్దున్నే వైన్ పట్టించావా ఏం?" అని భర్త గావినో నలుగురిలో నవ్వాడు. జ్వరమైతే నుదురు ముట్టుకోమనవచ్చు, దెబ్బయితే రక్తం చూపించవచ్చు. ఎముకల్లోకి దిగిన ఈ నీరసాన్ని ఎలా చూపించాలి? నిజంగానే బద్ధకస్తురాలినేమోనని తనకే అనుమానం వచ్చేది. ఒక కంటి చూపు మసకబారాక గానీ గావినో ఆమెను పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు.

ఎం.ఆర్.ఐ. గొట్టంలోకి పంపుతూ "అస్సలు కదలకండి" అంది అక్కడి అమ్మాయి. పెళ్ళయ్యాక బత్తిస్తీనాతో ఎవరూ అనని మాట అది. ఆ దడదడ చప్పుళ్ళలోనే ఆమెకు నిద్ర పట్టేసింది.

డాక్టరమ్మ మెదడు బొమ్మలను తెరమీద పెట్టింది. "మల్టిపుల్ స్క్లెరోసిస్. మన దీవిలో చాలామందికి ఉంది. ఒంటిని కాపాడాల్సిన బలగమే నరాల మీద తిరగబడుతుంది. స్కాన్ కోసం మందు ఎక్కించాక మెరుస్తున్నవి కొత్త మచ్చలు. మెరవనివన్నీ పాతవి, ఏళ్ళ కిందటివి. చేతులు మొద్దుబారడం, వేడి తెలియకపోవడం ఉండేదా?"

బత్తిస్తీనా తన వేళ్ళకేసి చూసుకుంది. ఆ ఒక్క మెచ్చుకోలూ తన జబ్బుకే దక్కిందన్నమాట. కోపం కన్నా ముందు ఏడుపొచ్చింది.

కారులో గావినో "ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు.

"చెప్పాను. నువ్వు నవ్వావు."

శనివారం మళ్ళీ పొయ్యి రాజుకుంది. "రావే అమ్మాయ్, రొట్టె పొంగింది! నీ చేతులు కావాలి" అని అత్త కేకేసింది. పక్కగదిలో మంచం మీదున్న బత్తిస్తీనా కదల్లేదు. గావినో గుమ్మంలో నిలబడి ఆమె లేస్తుందేమోనని చూశాడు.

"ఈసారి నువ్వెళ్ళు" అంది.

ఆ పొయ్యి ముందు మగవాడు కూర్చోవడం ఊళ్ళో ఎవరూ ఎరగరు. ఏమనుకున్నాడో, వెళ్ళాడు. ఆడవాళ్ళ నవ్వులు వినిపించాయి. అంతలోనే గావినో కేక.

"అబ్బా, కాలిపోతోందే! ఇన్నేళ్ళూ ఎలా పట్టుకున్నావే దీన్ని?"

"ఊదుకో" అని, బత్తిస్తీనా దిండు సర్దుకుని కళ్ళు మూసుకుంది.