బావ మరిచిపోయిన మూడు లైన్లు

"మా మరదలు ముట్టుకుందంటే చాలు, మిషను మూర్ఛపోతుంది!" అని భోజనాల దగ్గర బావ అన్నప్పుడల్లా అక్క పకపకా నవ్వేది. బావ మాట కంటే అక్క నవ్వే ఆమెకు పుండు మీద కారం.

ఆఫీసులో బావే ఆమెకు పైఅధికారి. నెట్‌వర్క్ రద్దీ పెరిగినప్పుడల్లా సర్వర్లు బిగుసుకుపోతుంటే, ఆ వారమే కోడ్ మార్చిన పాపానికి తప్పంతా ఆమె నెత్తిన రుద్ది, సర్వర్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ పనిలోంచి తీసేసి మాన్యువల్స్ రాయడానికి పంపాడు. ఆమె ఏడవలేదు. మాన్యువల్స్ రాస్తూనే కోడంతా జల్లెడ పట్టింది. పగ ఉన్నచోటికి ఓపిక దానంతటదే వస్తుంది.

చివరికి దొరికింది. నెట్‌వర్క్ నుంచి వచ్చే ప్యాకెట్ల వరుసను ఇంకెవరూ ముట్టకుండా లాక్ వేసిన కోడ్, పని అయ్యేదాకా ఇంటరప్టులను, అంటే చేస్తున్న పని ఆపించి ముందు తమ పని చేయించుకునే పిలుపులను, ఆపి ఉంచాలి. లేకపోతే నడుమ దూరిన ఇంటరప్టు అదే లాక్ కోసం కాచుక్కూర్చుంటుంది. అది కదిలితే తప్ప లాక్ పట్టుకున్నది కదలదు. ఇక మిషనూ కదలదు. ఆ నడుమ పిలిచే చిన్న ఫంక్షన్ ఒకటి, తాను రాకముందే ఆపి ఉన్న ఇంటరప్టులను పోతూ పోతూ తెరిచేస్తోంది. మూసి ఉన్న తలుపు తీసుకుని వచ్చినవాడు, బార్లా వదిలేసి పోయినట్టు. వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో పోయేటప్పుడూ అలాగే ఉంచేలా ఆమె మూడు లైన్లు మార్చింది. ఎంత రద్దీ పెట్టినా సర్వర్ బిగుసుకోలేదు.

ఆమె మార్చకముందు ఆ మూడు లైన్లూ రాసింది బావే, ఉద్యోగంలో చేరిన కొత్తలో.

రివ్యూలో, పెద్ద మేనేజరమ్మ ఎదుట, రాసినవారి పేరు దాచి ఆ పాత కోడ్‌ను తెర మీద పెట్టింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడానికి దొంగతనం గుర్తుండాలి కదా! ఏళ్ల కిందటి సొంత కోడ్‌ను గుర్తుపట్టే ప్రోగ్రామర్ ఇంకా పుట్టలేదు.

"ఎవడండీ ఈ దిక్కుమాలిన పని చేసింది?" బావ ఎగిరిపడ్డాడు.

"ఇలాంటివాళ్లని ఏం చేయాలి సార్?" ఆమె ఎంతో వినయంగా అడిగింది.

"కెర్నెల్ ఛాయలకి రానివ్వకూడదు. మాన్యువల్స్ రాసుకోమనాలి!"

ఆమె మీట నొక్కింది. బావ పేరు తెర మీదికి వచ్చింది.

మేనేజరమ్మ నవ్వలేదు. "మీరు చెప్పినట్టే చేద్దాం," అంది.

లిఫ్టులో బావ గొంతు తగ్గించాడు. "మీ అక్కకి చెప్పకమ్మా."

"ఛ, నేనెందుకు చెప్తాను బావా?"

సాయంత్రం భోజనాల దగ్గర అక్క అడగనే అడిగింది. "ఏంటి, ఇవాళ ఆఫీసులో విశేషాలు?"

ఆమె మంచినీళ్ల గ్లాసు బావ ముందుకు జరిపింది.

"మీరే చెప్పండి బావా. అక్కకి నవ్వడమంటే ఇష్టం."