తెరమీద ఒక్క పేరు

ఫఖ్రీ షనవానీకి ఆరేళ్ళుగా వేషం లేదు. కైరో నాటకశాలల్లో నలభై ఏళ్ళు గొంతు చించుకున్న మనిషి, పాతిక సినిమాల్లో జడ్జీగానో పెళ్ళికూతురి తండ్రిగానో కనిపించిన మనిషి, కాఫీ కొట్లో ఫోను ఎదురుగా పెట్టుకుని పొద్దుపుచ్చుతున్నాడు. అలాంటివాడికి రంజాన్ సీరియల్లో తాత వేషం వచ్చింది. నెలంతా రోజుకో భాగం, ముప్పై భాగాల్లోనూ తాత ఉంటాడు.

కానీ పేర్ల వరస చూసేసరికి ఆయనకి ఒళ్ళు మండిపోయింది. మరో ఏడుగురితో కలిపి, నిన్నమొన్నటిదాకా పెళ్ళిళ్ళలో పాడుకున్న కుర్రాడి కింద తన పేరు! నటుల తిక్క ఎవరు తీర్చగలరు? తెరమీద తన పేరు ఒక్కటే విడిగా పడాలని పట్టుబట్టాడు.

"ముప్పై రోజులు జనం మీ మొహం చూస్తారు. పేరు ఎక్కడుంటే ఏం?" అంది భార్య సఫినాజ్, చిక్కుడు గింజలు ఉడకేస్తూ.

"నీకు తెలీదులే. ఇవాళ తగ్గితే రేపు గుంపులో నిలబెడతారు."

షూటింగు మానేశాడు. రెండు రోజులు ఫోను ఎత్తలేదు. మూడో రోజు నిర్మాత వగ్దీ తనే వచ్చి, పెద్దవాళ్ళకి చేసే మర్యాదగా ఆయన నెత్తిమీద ముద్దు పెట్టుకున్నాడు.

"మీరు మాకు పెద్దదిక్కు గురువుగారూ. పేరు ఒక్కటే వేయిస్తా. ముందు 'మహానటుడు' అని కూడా."

"ఆ మాటేదో మొదటే అనుంటే సరిపోయేది కదయ్యా," అని ఫఖ్రీ మీసం దువ్వుకున్నాడు.

ఈ సీరియళ్ళకి కథ ముందే రాసి ఉండదు. ఏ రోజు కాగితాలు ఆ రోజే చేతికొస్తాయి. మర్నాడు వచ్చిన కాగితాల్లో తాత మూడో భాగంలోనే నిద్రలో పోయాడు. చివరి మాట కూడా లేదు. అలిగి పని ఆపిన ముసలాణ్ణి నెలంతా ఎవడు భరిస్తాడు? ఫఖ్రీ అడిగింది మాత్రం అడిగినట్టే ఇచ్చారు మరి.

తర్వాత ఆయన్ని ఫోటో తీసి, పోయినవాళ్ళకి వేసే నల్ల రిబ్బను దాని మూలకి అంటించి, సెట్లో గోడకి తగిలించారు.

రంజాన్ వచ్చింది. ఉపవాసం విడిచాక మొగుడూ పెళ్ళాం రోజూ టీవీ ముందు కూర్చున్నారు. మూడు రోజులు పేరు ఒక్కటే పడింది, నాలుగేసి సెకన్లు. నాలుగో రోజునుంచి పేరు లేదు, గోడమీద ఫోటో ఉంది.

ఇరవయ్యో రోజున మనవరాలి వేషం వేసిన పిల్ల ఆ ఫోటో ముందు నిలబడి ఏడ్చింది. "తాతయ్యా, నన్నేం చెయ్యమంటావు?"

ఫఖ్రీ కుర్చీలోంచి లేచాడు. చివరి వరసదాకా వినబడే గొంతుతో, "కూర్చో తల్లీ. ముందు ఆ ఏడుపు ఆపి, నే చెప్పేది..." అని అందుకున్నాడు. అంతలో వంటనూనె ప్రకటన వచ్చింది.

"చూశావా, మాట పూర్తి చెయ్యనివ్వలేదు," అన్నాడు.

సఫినాజ్ టీ గ్లాసు చేతికిచ్చింది. ఈ ఆరేళ్ళలో ఆయన మనసు నొప్పించే మాట ఆవిడ ఒక్కటీ అనలేదు.

"ముప్పై రోజులూ చెప్పమనే కదండీ మిమ్మల్ని పిలిచింది," అంది.