ఐదు గంటల చలి

కళ్లజోళ్ల కొట్టు వెనకగదిలో, మిట్టమధ్యాహ్నం, కొట్టు యజమాని భార్య పాత కంప్యూటరునీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టుకుని, దాచుకున్న బుక్‌మార్కులు ఒక్కొక్కటే మారుస్తోంది. ఒక్కొక్కటే ఎందుకంటే, ఏ పేజీ ఎప్పుడు దాచుకుంటే అప్పటి వాతావరణం గదిలోకి వస్తుంది కదా! వీధి చివర ఫొటో స్టూడియో ఆయన అన్నీ ఒకేసారి పంపి, మోకాల్లోతు నీళ్లలో స్టూలెక్కి కూర్చున్నాడు. ఆయనకి అన్నిటికీ తొందరే. ఆయన తీసిన ఫొటోల్లో సగం మంది కళ్లు మూసుకునే ఉంటారు. సరే, ఆయన సంగతి వదిలేద్దాం.

రేపు ఈవిడ చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోంది, ఇక రాకూడదనే. రెండేళ్లుగా వినికిడి తగ్గుతూ తగ్గుతూ ఈమధ్య పూర్తిగా పోయింది. దాంతోపాటే మొగుడి మాటలూ తగ్గిపోయాయి. నాతో విసిగిపోయారు అనుకుంది. అయినా, తను వెళ్లిపోయాక ఆయన తడుముకోకూడదని ఈ పని పెట్టుకుంది.

అద్దాల కంపెనీ పేజీకి ఎండ కాసింది. ఫ్రేముల పేజీకి జల్లు పడితే గొడుగు విప్పింది. తర్వాత, ఆవిడెప్పుడూ చూడని ఫోల్డరొకటి వచ్చింది. మొదటి పేజీకి తెల్లవారుజాము ఐదు గంటల చలి. రెండోదానికీ అదే. నలభై పేజీలు, నలభై తెల్లవారుజాములు. అన్నీ చేతి సైగల భాష పాఠాలే.

ముందుగదిలో అద్దం అరగదీస్తున్న ఆయన వణుక్కుంటూ వచ్చాడు.

"ఐదింటికి లేచి వాకింగన్నారు! ఇదా మీ వాకింగు?"

ఆయన కాగితం మీద రాశాడు: "పూర్తిగా వచ్చాక చెబుదామని."

అంచు నున్నగా రాని అద్దాన్ని ఏనాడూ కొట్టు గడప దాటించని మనిషి మరి.

"అందాకా మూగనోము పట్టారా? ఎంత మొండి మనిషండీ!"

ఆయన చేతులు తుడుచుకున్నాడు. గట్టిగా ఊపిరి పీల్చి, పొడవాటి వాక్యమొకటి వేళ్లతో చెప్పాడు. చివరికొచ్చేసరికి కళ్లు తడయ్యాయి.

ఆవిడ రెప్ప వేయకుండా చూసింది.

"బాగుందండీ. కానీ ఈ భాష నాకు రాదు కదా!"

ఆయన వేళ్లు గాల్లోనే ఆగిపోయాయి. రెండేళ్లలో ఆ సంగతి ఒక్కసారీ తట్టలేదు.

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయన కోసం పక్కకి కుర్చీ లాగి, ఫోన్ తీసి చెల్లెలికి మెసేజ్ పెట్టింది:

"నేను రావడం లేదే. మీ బావగారు మాట్లాడ్డం నేర్చుకున్నారు. వినడం నేనింకా నేర్చుకోవాలి."